ఫోల్డరులో వేస్తే గ్యాలరీ: పాఠకుల సందేహాలు, సమాధానాలు

వెబ్‌సైటులో ఫొటోల పేజీలను ఒక్కొక్కటిగా చేత్తో కట్టుకునే అవసరం లేకుండా, ఫొటోలను ఒక ఫోల్డరులో వేస్తే చాలు గ్యాలరీ దానంతట అదే తయారయ్యే పద్ధతి గురించి పాఠకులు చాలా ప్రశ్నలు పంపారు. పదిమందికీ పనికివస్తాయనిపించిన వాటిని ఎంచుకొని ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది విజయనగరంలో ఒక ఫొటో స్టూడియో. ఏటా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి నాలుగైదు వందల ఫొటోలు తీసి మా వెబ్‌సైటులో పెడుతుంటాము. ప్రతి ఫొటోకు ఒక చిన్న బొమ్మ చేసి, దాన్ని పెద్ద బొమ్మకు లింకు చేసి, పేజీ రాసి ముగించేసరికి దీపావళి వచ్చేస్తోంది. ఫోల్డరు చూపిస్తే పేజీ తానే తయారయ్యే మార్గం ఉందా? మా హోస్టింగులో పీహెచ్‌పీ ఉంది.
— స్టూడియో యజమాని, విజయనగరం

జవాబు: ఉంది. ఇందులో యంత్రం చేయవలసిన పనులు మూడే. ఫోల్డరులో ఏయే ఫొటోలున్నాయో చూడాలి, ఒక్కోదానికి చిన్న ప్రతులు తీయాలి, వాటిని వరుసగా పేర్చిన పేజీ రాయాలి. ఈ మూడు పనులూ మీ హోస్టింగు సర్వర్‌లో జరగాలా, మీ స్టూడియో కంప్యూటరులో జరగాలా అన్నది మాత్రం మీరే తేల్చుకోవాలి.

సర్వర్‌లో జరిపించదలచుకుంటే, సర్వర్‌లో నడిచే ప్రోగ్రాములు రాసే భాష పీహెచ్‌పీ, డేటాబేసు మైఎస్‌క్యూఎల్ మీద ఆధారపడిన పివిగో వంటి తయారు సాఫ్టువేరు ఉన్నది. ఉచితంగా దొరుకుతుంది. ఆల్బములు, వెతుకులాట, సభ్యుల లాగిన్లు, ఎవరికి ఏ ఆల్బము కనిపించాలన్న కట్టడి, అన్నీ అందులో ఉంటాయి. పదిమంది పది ఊళ్ళ నుంచి ఫొటోలు ఎక్కించే సంస్థకు అది సరిపోతుంది. అయితే డేటాబేసును కాపాడుకోవడం, కొత్త వెర్షను వచ్చినప్పుడల్లా మార్చుకోవడం, లాగిన్ పేజీని గుచ్చి చూసే ఆగంతకులను కాచుకోవడం కూడా దానితోపాటే మీ నెత్తిన పడతాయి. ఏడాదికొకసారి ఫొటోలు పెట్టే స్టూడియోకు ఇంత బరువు అక్కరలేదని నా అభిప్రాయం.

మీకు నేను చెప్పేది రెండో దారి. పేజీలనూ చిన్న బొమ్మలనూ మీ కంప్యూటరులోనే తయారుచేసుకొని, తయారైన సరుకును మాత్రమే సర్వర్‌కు ఎక్కించండి. పైథాన్‌లో రాసిన సిగల్, నోడ్ మీద నడిచే థంబ్సప్ అనే ఉచిత ఉపకరణాలు సరిగ్గా ఈ పనికే ఉన్నాయి. ఫోల్డరు చూపిస్తే అందులోని ఉపఫోల్డర్లను ఆల్బములుగా చేసి, థంబ్‌నెయిళ్ళు (చిన్న బొమ్మలు) తీసి, మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీలు రాసి పెడతాయి. రెండోసారి నడిపినప్పుడు కొత్తగా చేరినవాటికే పని చేస్తాయి కాబట్టి, మొదటిసారి పట్టినంత సేపు పట్టదు. సర్వర్‌లో నడిచే ప్రోగ్రాము అంటూ ఏదీ ఉండదు గనుక పాడయ్యేదీ, ఎవరైనా చొరబడేదీ దాదాపు ఉండదు.

ఏ ఉపకరణం వాడినా ముందు మీ ఫొటోలను రెండు జాతులుగా చూడడం అలవాటు చేసుకోండి. పోతే తిరిగి రానివి ఒక జాతి: కెమెరా నుంచి వచ్చిన అసలు ఫొటోలు, మీరు రాసిన వివరణలు. ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్ళీ పుట్టించుకోగలిగినవి రెండో జాతి: థంబ్‌నెయిళ్ళు, మధ్య సైజు ప్రతులు, పేజీలు. మొదటి జాతి ఒక ఫోల్డరులో, రెండోది ఇంకో ఫోల్డరులో ఉండాలి, ఈ పనులు చేసే చిన్న ప్రోగ్రాము, అంటే స్క్రిప్టు, మొదటి ఫోల్డరులో చదవడమే తప్ప రాయకూడదు. బొమ్మలను కుదించే ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉపకరణం వాడేవారు దానిలోని మోగ్రిఫై అనే ఆదేశం విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. వేరే ఫోల్డరులో పెట్టమని విడిగా చెప్పకపోతే అది చిన్న చేసిన బొమ్మను అసలు ఫొటో మీదే రాసేస్తుంది, అడగను కూడా అడగదు.

ఇక కొలతలు. ఒక్కో ఫొటో 5 మెగాబైట్ల చొప్పున 400 ఫొటోలు నేరుగా పేజీలో పెడితే 2 గిగాబైట్లు అవుతుంది. ఫోనులో చూసేవారు ఆ పేజీ తెరవడమంటే రోజు డేటా అంతా దానికే ధారపోయడమే. 400 పిక్సెళ్ళ వెడల్పుకు కుదించిన జేపెగ్ ఒకటి సుమారు 30 కిలోబైట్లు ఉంటుంది. అవి 400 కలిపినా 12 మెగాబైట్లే. ఆ బొమ్మలకు లోడింగ్ అనే గుణానికి లేజీ అనే విలువ ఇస్తే, చూసేవాడు కిందికి జరిపే కొద్దీ కావలసినవే బ్రౌజరు తెచ్చుకుంటుంది. ఒక్కో బొమ్మకూ వెడల్పు, ఎత్తు కూడా పేజీలో రాయించండి. అవి లేకపోతే బొమ్మ వచ్చి పడినప్పుడల్లా పేజీ ఎగిరెగిరి పడి, వేలు పెట్టినచోట ఒక ఫొటో ఉండగా ఇంకొకటి తెరుచుకుంటుంది. నొక్కినప్పుడు కనిపించే పెద్ద ప్రతికి పొడవైన వైపు 1600 పిక్సెళ్ళు చాలు. అసలు ఫొటోలను సర్వర్‌కు ఎక్కించనే వద్దు. ఫైలు పేరు ఊహించి అసలు ప్రతిని దించుకునేవారు ఉంటారు, ప్రింట్లు అమ్ముకునే స్టూడియోకు అది నష్టం.

ఈ సందర్భంలోనే ఇంకొక మాట. కుదింపుతోపాటే స్టూడియో పేరు ముద్రించమని కూడా స్క్రిప్టుకు చెప్పవచ్చు. దాన్ని మూలన చిన్నగా వేయించండి. అమ్మవారి ముఖం మీదుగా ఈ చివరి నుంచి ఆ చివరికి ఫోన్ నంబరుతో సహా వేసే అలవాటు మన స్టూడియోలలో చాలామందికి ఉంది. ఆ ఫొటోను దొంగిలించేవాడు ఎలాగూ ఉండడు, చూసేవాడు కూడా మిగలడు.

ప్రశ్న: నాకు చూపు లేదు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడరుతో వెబ్‌సైట్లు చదువుతాను. ఫొటోల పేజీలు తెరిస్తే అది "ఐఎమ్‌జీ నాలుగు వేల ముప్పై రెండు డాట్ జేపీజీ, ఐఎమ్‌జీ నాలుగు వేల ముప్పై మూడు డాట్ జేపీజీ" అంటూ చదువుకుంటూ పోతుంది. గ్యాలరీలు ఆటోమేటిక్‌గా తయారైతే మాకు ఇదే గతా?
— డిగ్రీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మీరు చెప్పిన తప్పు గ్యాలరీ కట్టేవారిదే. ప్రతి బొమ్మకూ ఆల్ట్ అనే గుణంలో ఒక వివరణ రాయాలి. స్క్రీన్ రీడరు చదివేది దాన్నే. రాసే మనిషి లేనప్పుడు చాలా ఉపకరణాలు ఆ చోటును ఫైలు పేరుతో నింపేస్తాయి, లేదా ఆల్ట్ గుణాన్నే వదిలేస్తాయి. ఆల్ట్ లేని బొమ్మ లింకుగా కూడా ఉన్నప్పుడు స్క్రీన్ రీడరుకు చదవడానికి ఫైలు చిరునామా తప్ప మరేమీ దొరకదు. మీరు వింటున్నది అదే.

గ్యాలరీలు కట్టేవారు దీనికి చేయవలసింది ఎక్కువేమీ కాదు. సిగల్‌లో ప్రతి ఫొటో పక్కన అదే పేరుతో ఒక చిన్న టెక్స్టు ఫైలు పెడితే అందులోని శీర్షిక, వివరణ పేజీలోకి వస్తాయి. సొంతంగా స్క్రిప్టు రాసుకునేవారు ఫోల్డరుకొక టెక్స్టు ఫైలు పెట్టి, వరుసకొక ఫైలు పేరు, దాని పక్కన ఒక వాక్యం రాసుకుంటే సరిపోతుంది. వివరణ రాయని ఫొటోల జాబితాను ప్రతిసారీ చూపించమని స్క్రిప్టుకు చెప్పడం ఇంకా మంచిది. లోపం కళ్ళ ఎదుట కనిపిస్తుంటే ఎంత బద్ధకస్తుడైనా ఎప్పుడో ఒకప్పుడు రాస్తాడు.

ఈ వాక్యాలను కూడా కృత్రిమ మేధ చేత రాయించవచ్చు కదా అని మరికొందరు పాఠకులు అడిగారు. చిత్తుప్రతిగా పనికివస్తుంది, దాన్ని మనిషి చూసి దిద్దాలి. సిరిమానోత్సవంలో సిరిమానుకు ముందు నడిచే బెస్తవారి వలను చూసి యంత్రం "కొందరు వల పట్టుకొని నడుస్తున్నారు" అని రాయగలదు. పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు కూడా ఆ ఊరేగింపులో ఉంటాయనీ, మాను చివరన కూర్చున్నది పూజారి అనీ స్టూడియోవారు చెప్పాలి. చూపు లేని పాఠకుడికి కావలసినది ఆ రెండో రకం వాక్యమే. చూపున్నవారికీ అదే కావాలి.

ప్రశ్న: శ్రావణంలో మా చెల్లి పెళ్ళి భీమవరంలో జరిగింది. డల్లస్ నుంచి నేను తీసుకెళ్ళిన కెమెరాలో కొన్ని, బంధువుల ఫోన్లలో కొన్ని, వాట్సాప్‌లో వచ్చినవి కొన్ని కలిపి గ్యాలరీ చేశాను. తీసిన సమయం ప్రకారం పేర్చమన్నాను. తలంబ్రాలు ముందు వచ్చి, జీలకర్ర బెల్లం తరువాత వచ్చింది. వాట్సాప్ ఫొటోలైతే అన్నింటికంటే చివర కుప్పగా పడ్డాయి.
— సాఫ్టువేర్ ఉద్యోగి, డల్లస్

జవాబు: మీ కెమెరా గడియారం డల్లస్‌లోనే ఉండిపోయింది. ఫోన్లు ఊరు మారితే గడియారం తామే సరిచేసుకుంటాయి. కెమెరాకు మనమే చెప్పాలి. ఫొటో తీసిన క్షణాన్ని కెమెరా ఆ ఫైలులోనే ఎక్సిఫ్ అనే సమాచార భాగంలో రాస్తుంది. అందులో గంటలు, నిమిషాలు ఉంటాయి గాని, అవి ఏ దేశపు గంటలో చెప్పే చోటు 2016లో వచ్చిన 2.31 వెర్షను దాకా ఆ ప్రమాణంలోనే లేదు. ఇప్పటికీ ఆ చోటును నింపని కెమెరాలు ఉన్నాయి. శ్రావణంలో, అంటే అమెరికాలో వేసవి సమయం నడిచేటప్పుడు, డల్లస్ మనకంటే పదిన్నర గంటలు వెనుక ఉంటుంది. ఉదయం 11 గంటలకు మీరు తీసిన తలంబ్రాల ఫొటో మీద అర్ధరాత్రి దాటిన 12.30 గంటల సమయం పడింది. ఫోన్లలోని జీలకర్ర బెల్లం దాని వెనుకకు పోక ఏం చేస్తుంది?

ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత ఉపకరణంతో ఆ కెమెరా ఫొటోలన్నింటి సమయాన్నీ ఒకే ఆదేశంతో 10 గంటల 30 నిమిషాలు ముందుకు జరపవచ్చు. మామూలుగా అది మార్పుకు ముందున్న ఫైలును కూడా పక్కన దాచిపెడుతుంది, అందువల్ల లెక్క తప్పినా వెనక్కు రావచ్చు. ఎంత జరపాలో తెలియని పరిస్థితిలో, ఒకే క్షణాన్ని రెండు కెమెరాలూ పట్టుకున్న ఫొటోలు వెతకండి. పెళ్ళిలో అవి దొరకకపోవు, మాంగల్యధారణ సమయంలో చేతిలో ఫోను ఉన్నవారెవరూ ఊరుకోరు. ఆ రెండు ఫొటోల సమయాల మధ్య తేడా ఎంతో అంత జరిపితే చాలు. మాఘమాసపు పెళ్ళి అయితే తేడా పదకొండున్నర గంటలు, ఆ సంగతి కూడా గుర్తుంచుకోండి.

వాట్సాప్ ఫొటోల కథ వేరు. ఫొటోగా పంపినప్పుడు వాట్సాప్ దాన్ని కుదించి, ఎక్సిఫ్ సమాచారాన్ని తీసివేస్తుంది. తీసిన సమయం దొరకని ఫైలును గ్యాలరీ ఉపకరణం ఆ ఫైలు డిస్కులో చేరిన తేదీని బట్టి పేర్చింది కాబట్టి అవి చివర పడ్డాయి. ఆండ్రాయిడ్ ఫోనులో ఆ ఫైలు పేరులోనే ఏడాది, నెల, రోజు ఎనిమిది అంకెలుగా ఉంటాయి. స్క్రిప్టు చేత వాటిని చదివించి రోజును రాబట్టవచ్చు. అయితే అది మీకు చేరిన రోజే, తీసిన రోజు కాకపోవచ్చు, గంట అసలే ఉండదు. బంధువులను ఇంకొకసారి అడిగే చనువుంటే, అవే ఫొటోలను డాక్యుమెంటుగా పంపమనండి. అలా పంపితే ఫైలు ఉన్నదున్నట్టుగా వస్తుంది. అడగలేని పరిస్థితిలో వాటిని విడి ఆల్బముగా పెట్టడమే మర్యాద.

ప్రశ్న: నేను చిత్రకారుడిని. నా బొమ్మల ఫొటోలను తెలుగు పేర్లున్న ఫోల్డర్లలో పెట్టుకున్నాను. మెనూలో "తైలవర్ణాలు" అనే ఆల్బము రెండుసార్లు కనిపిస్తోంది. ఒకదానిలో పాత బొమ్మలు, రెండో దానిలో మిత్రుడి పాత మ్యాక్ కంప్యూటరు నుంచి తెచ్చినవి ఉన్నాయి. అక్షరం అక్షరం పోల్చి చూశాను, రెండూ ఒకటే. పైగా ఆ పేజీ చిరునామా ఎవరికైనా పంపితే శాతం గుర్తులు, అంకెలతో మూరెడు పొడవు వస్తోంది.
— చిత్రకారుడు, రాజమహేంద్రవరం

జవాబు: కంటికి ఒకటే, కంప్యూటరుకు రెండు. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు విధాలుగా దాచవచ్చు: ఒకే సంకేతంగా ఒక పద్ధతి, ఎత్వం తరువాత దాని కింద వచ్చే గుర్తును విడిగా చేర్చి రెండు సంకేతాలుగా ఇంకో పద్ధతి. మన కీబోర్డులు మొదటి విధంగా రాస్తాయి. యాపిల్ కంప్యూటర్లలో 2017కు ముందు వాడుకలో ఉన్న హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైలు వ్యవస్థ, పేర్లను విడదీసి రెండో విధంగా దాచేది. మీ మిత్రుడి కంప్యూటరు నుంచి వచ్చిన "తైలవర్ణాలు"లో మొదటి అక్షరంలోనే తేడా ఉంది. మీ ఫోల్డరు పేరులో 10 సంకేతాలుంటే ఆయన ఫోల్డరు పేరులో 11 ఉన్నాయి. లైనక్స్ సర్వర్ ఆ రెంటినీ వేర్వేరు పేర్లుగానే చూస్తుంది. ఐత్వం లేని "జలవర్ణాలు" ఆల్బముకు ఈ చిక్కు రాకపోవడానికి కారణం ఇదే. స్క్రిప్టులో ఫోల్డర్ల పేర్లను చదివిన వెంటనే యూనికోడ్ సాధారణీకరణ చేయించండి. ఎన్ఎఫ్‌సీ అనే రూపం అడిగితే విడిపోయిన ఐత్వం కలిసిపోతుంది. పైథాన్‌లో, పీహెచ్‌పీలో కూడా అందుకు తయారుగా ఫంక్షన్లు ఉన్నాయి.

చిరునామా పొడవుకు కారణం కూడా సంకేతాలే. తెలుగు సంకేతం ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో 3 బైట్లు. వెబ్ చిరునామాలో ఒక్కో బైటునూ శాతం గుర్తు, దాని వెంట రెండు గుర్తులతో రాస్తారు. ఆ లెక్కన "తైలవర్ణాలు" అన్న ఒక్క మాటకు 90 గుర్తులు. బ్రౌజరు పైన తెలుగులోనే చూపించినా, కాపీ చేసి ఉత్తరంలో అతికించేసరికి అసలు రూపం బయటపడుతుంది. లైనక్స్‌లో ఒక ఫైలు పేరు 255 బైట్లకు మించరాదన్న హద్దు కూడా మామూలుగా ఉంటుంది. అంటే తెలుగులో 85 సంకేతాలు. బొమ్మ పేరు, దాని కింద వివరణ, గీసిన సంవత్సరం అన్నీ ఫైలు పేరులోనే ఇరికించే అలవాటున్నవారికి ఆ హద్దు త్వరగానే తగులుతుంది.

తెలుగు పేర్లను వదులుకోమని నేను చెప్పను. వాటి చోటు మార్చమంటాను. ఫైళ్ళకూ ఫోల్డర్లకూ అంకెలు, రోమన్ చిన్న అక్షరాలు మాత్రమే వాడి, చూపించవలసిన తెలుగు పేరును ఫోల్డరులోని టెక్స్టు ఫైలులో రాయండి. మెనూలో, శీర్షికలో, ఆల్ట్ గుణంలో తెలుగు నిండుగా కనిపిస్తుంది, చిరునామా పొట్టిగా ఉంటుంది. వరుస సంఖ్యలు వేసేటప్పుడు 1, 2, 3 అని వేయకుండా 001, 002, 003 అని వేయండి. మామూలు అకారాది వరుసలో 10 అనేది 2 కంటే ముందు వస్తుంది. పెద్ద అక్షరాల్లో జేపీజీ, చిన్న అక్షరాల్లో జేపీజీ అనే తోకలు కూడా సర్వర్ దృష్టిలో వేర్వేరని మరువకండి. విండోస్‌లో చక్కగా కనిపించిన బొమ్మ సర్వర్ ఎక్కాక మాయమైతే ముందు అనుమానించవలసింది ఆ తోకనే.

ప్రశ్న: నిలువుగా తీసిన ఫొటో తెరిస్తే నిలువుగానే ఉంటుంది, దాని థంబ్‌నెయిల్ మాత్రం పక్కకు పడుకుంటోంది. ఎందుకు?
— తెనాలి పాఠకురాలు

జవాబు: ఫోనును నిలువుగా పట్టుకున్నా చాలా కెమెరాలు బొమ్మను అడ్డంగానే దాచి, "చూపించేటప్పుడు తిప్పండి" అన్న సూచనను ఎక్సిఫ్‌లో 1 నుంచి 8 లోపు ఒక అంకెగా రాస్తాయి. 1 అంటే ఉన్నదున్నట్టు చూపించమని, 6 అంటే గడియారం ముల్లు తిరిగే వైపు 90 డిగ్రీలు తిప్పమని అర్థం. బ్రౌజర్లు ఆ సూచనను పాటిస్తాయి కాబట్టి అసలు ఫొటో నిలబడింది. మీ స్క్రిప్టు థంబ్‌నెయిల్ తీసేటప్పుడు ఎక్సిఫ్ ఎగిరిపోయింది, సూచన లేని బొమ్మ పడుకుంది. కుదించే ముందే తిప్పించాలి. ఇమేజ్‌మ్యాజిక్‌లో దానికి ఆటో ఓరియంట్ అనే ఆదేశం ఉంది. పీహెచ్‌పీలో బొమ్మలను మార్చే జీడీ అనే భాగంతో చేసేవారు, అందులోని తిప్పే ఫంక్షను గడియారానికి ఎదురు దిశలో తిప్పుతుందని గుర్తుంచుకొని, 6 వచ్చినచోట 270 డిగ్రీలు ఇవ్వాలి. ఇమేజ్‌మ్యాజిక్‌లో స్ట్రిప్ అనే ఆదేశం ఎక్సిఫ్‌తోపాటు రంగుల ప్రొఫైలును కూడా తీసేస్తుంది. ఐఫోను ఫొటోలలో పట్టుచీరల ఎరుపు వెలిసినట్టు కనిపిస్తే కారణం అదే కావచ్చు. ముందు వెబ్‌లో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగులకు మార్చి, ఆ తరువాత స్ట్రిప్ చేయించండి.

ప్రశ్న: మా సంఘం వెబ్‌సైటులో పీహెచ్‌పీ స్క్రిప్టు థంబ్‌నెయిళ్ళు తీస్తుంది. పాత ఫొటోలకు బాగానే పనిచేసింది. కొత్త ఫోనుతో తీసిన ఫొటోలు ఎక్కిస్తే తెల్ల పేజీ వస్తోంది. ఫైలు 12 మెగాబైట్లే, మెమరీ హద్దు 128 మెగాబైట్లు ఉంది.
— నిజామాబాద్ పాఠకుడు

జవాబు: ఫైలు సైజును కాదు, పిక్సెళ్ళను లెక్కపెట్టండి. జేపెగ్ అనేది మడతపెట్టిన బట్ట. చిన్న చేయాలంటే ముందు పూర్తిగా విప్పాలి, విప్పినప్పుడు జీడీకి ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు కావాలి. 12 మెగాపిక్సెళ్ళ పాత ఫొటోకు 48 మెగాబైట్లు సరిపోయాయి. 50 మెగాపిక్సెళ్ళ కొత్త ఫొటోకు 200 కావాలి, అది హద్దు దాటగానే స్క్రిప్టు చచ్చిపోతుంది, తప్పులు తెరమీద చూపవద్దన్న అమరిక ఉన్నందువల్ల మీకు తెల్ల పేజీ మిగిలింది. హద్దు పెంచడం కొన్ని హోస్టింగుల్లో కుదురుతుంది, కొన్నింట్లో కుదరదు. జేపెగ్‌ను మొదటి నుంచే నాలుగో వంతుకో ఎనిమిదో వంతుకో తగ్గించి విప్పే సౌకర్యం ఉంది, లిబ్‌విప్స్ అనే ఉపకరణం దాన్ని వాడుకుంటుంది గనుక అంత మెమరీ అడగదు. అది మీ హోస్టింగులో లేకపోతే విజయనగరం పాఠకుడికి చెప్పినట్టు ఇంటి కంప్యూటరులోనే కుదించి ఎక్కించండి. స్క్రిప్టు ప్రతి సందర్శకుడి కోసం థంబ్‌నెయిల్‌ను మళ్ళీ మళ్ళీ తీస్తోందేమో కూడా చూడండి. ఒకసారి తీసినదాన్ని దాచి, అసలు ఫొటో మారినప్పుడే మళ్ళీ తీయాలి.

ప్రశ్న: మా ఉన్నత పాఠశాల వెబ్‌సైటుకు నేను బాధ్యుడిని. ఉపాధ్యాయులందరూ ఒక షేర్డ్ ఫోల్డరులో ఫొటోలు వేస్తే రాత్రికి రాత్రే గ్యాలరీలోకి వెళ్ళిపోయేలా ఏర్పాటు చేయమని ప్రధానోపాధ్యాయులు అడుగుతున్నారు. ఇది మంచిదేనా?
— ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: ఏర్పాటు తేలికే. చెప్పిన వేళకు ప్రోగ్రాములు నడిపే క్రాన్‌కు ఒక వరుస రాస్తే రాత్రి రెండింటికి స్క్రిప్టు నడుస్తుంది. చేయవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. కుదించడం, పేర్చడం యంత్రానికి వదలండి. పిల్లల ఫొటోల్లో ఏది లోకానికి చూపాలో మనిషి తేల్చాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండని ప్రతివారినీ పిల్లలుగానే పరిగణించి, వారి సమాచారం విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. మీ పదో తరగతి వరకు అందరూ ఆ లెక్కలోకే వస్తారు.

రెండు ఫోల్డర్లు పెట్టండి. మొదటిదానిలో ఉపాధ్యాయులు ఏమైనా వేయవచ్చు. స్క్రిప్టు దానివైపు చూడదు. ప్రధానోపాధ్యాయులు నియమించిన ఒకరు అందులోంచి చూసి ఎంచినవి రెండోదానిలోకి మారుస్తారు. రాత్రికి ప్రచురణ అయ్యేవి అవే. సమ్మతి ఇవ్వని తల్లిదండ్రుల పిల్లల జాబితా ఆ ఎంచే మనిషి చేతిలో ఉండాలి. ఫోనులో తీసిన ఫొటోలో లొకేషన్ తెరిచి ఉంటే అక్షాంశ రేఖాంశాలు ఎక్సిఫ్‌లో నమోదవుతాయి. బడి ఎక్కడుందో అందరికీ తెలుసు, సమస్య దానితో కాదు. బహుమతి గెలిచిన పిల్లవాడిని వాళ్ళ ఇంటి వాకిట్లో తీసిన ఫొటోతో వాళ్ళ ఇల్లు పటంలో చుక్కగా బయటపడుతుంది. ప్రచురణ ప్రతుల్లో ఎక్సిఫ్ మొత్తం తీసివేయండి, పిల్లల పూర్తి పేర్లు ఫైలు పేర్లలో పెట్టకండి. ఎవరైనా తమ పిల్లవాడి ఫొటో తీసేయమంటే అసలు ఫైలు తొలగించి ఊరుకోవద్దు. కొన్ని ఉపకరణాలు అసలు పోయినా థంబ్‌నెయిళ్ళను సర్వర్‌లో వదిలేస్తాయి, పాత చిరునామా తెలిసినవారికి అవి ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. తయారైన ఫోల్డరును మొత్తం ఖాళీ చేసి గ్యాలరీని మొదటి నుంచి కట్టించడమే అన్నింటికంటే నమ్మకమైన పద్ధతి.

ప్రశ్న: లేపాక్షి వీరభద్ర ఆలయం మీద ఒక వెబ్‌సైటు నడుపుతున్నాను. అందరూ వాడుకోగల ఫొటోల భండారమైన వికీమీడియా కామన్స్‌లో ఆ ఆలయం వర్గంలో చేరే ఫొటోలు నా గ్యాలరీలోకి వాటంతట అవే రావాలి. కుదురుతుందా? అనుమతి కావాలా?
— హిందూపురం పాఠకుడు

జవాబు: కుదురుతుంది. కామన్స్‌కు ఏపీఐ, అంటే ప్రోగ్రాములు నేరుగా సమాచారం అడిగి తెచ్చుకునే దారి, ఉంది. వర్గం పేరు ఇచ్చి అందులోని ఫైళ్ళ జాబితా, ఒక్కోదానికి థంబ్‌నెయిల్ చిరునామా, తీసినవారి పేరు, లైసెన్సు అడిగి తెచ్చుకోవచ్చు. మామూలు వాడుకరికి ఒక విన్నపంలో 500 పేర్ల దాకా ఇస్తుంది, అంతకు మించి ఉంటే కొనసాగింపు గుర్తు ఇస్తుంది. ఉపవర్గాల్లో ఉన్నవి మాత్రం వాటంతట అవి రావు. పైకప్పు చిత్రాలు, వేలాడే స్తంభం, నంది విగ్రహం వంటివి విడి వర్గాల్లో ఉంటే వాటినీ స్క్రిప్టు చేత తెరిపించాలి.

లైసెన్సు పాటిస్తే విడిగా అనుమతి అడగనక్కరలేదు. అక్కడ ఎక్కువగా కనిపించే సీసీ బై-ఎస్‌ఏ లైసెన్సు ప్రకారం తీసినవారి పేరు, లైసెన్సు పేరు, దాని లింకు చూపాలి, మార్పులు చేస్తే చెప్పాలి. చాలా సైట్లు ఇక్కడే చేతులెత్తేస్తాయి: బొమ్మలు ఆటోమేటిక్‌గా వస్తాయి, పేర్లు మాత్రం "సౌజన్యం: వికీపీడియా" అన్న ఒకే ముక్కలో కలిసిపోతాయి. వికీపీడియా ఆ ఫొటో తీయలేదు. లేపాక్షి దాకా వెళ్ళి తీసిన మనిషి పేరును ఏపీఐ బొమ్మతోపాటే ఇస్తున్నప్పుడు, దాన్ని కింద అచ్చు వేయడానికి స్క్రిప్టులో ఇంకొక వరుస చాలు. ఆ పేరు హెచ్‌టీఎమ్‌ఎల్ గుర్తులతో కలిసి వస్తుంది, వాటిని శుభ్రం చేసి చూపించండి.

సందర్శకుడు వచ్చిన ప్రతిసారీ కామన్స్‌ను అడగవద్దు. రోజుకొకసారి అడిగి, వచ్చిన జాబితాను మీ దగ్గర దాచుకొని దాన్నుంచే పేజీ కట్టండి. కొత్తగా చేరినవాటిని నేరుగా చూపకుండా మీ ఆమోదం కోసం ఆపి ఉంచండి. ఆ వర్గంలో ఎవరైనా ఏదైనా చేర్చవచ్చు. ఆలయం ముందు దిగిన సెల్ఫీ, పక్క ఊరి గుడి, స్కాను చేసిన పుస్తకం కూడా అందులోకి రావచ్చు.

ప్రశ్న: ఐఫోను నుంచి వచ్చిన హెచ్‌ఈఐసీ ఫైళ్ళు మా గ్యాలరీలో విరిగిన బొమ్మలుగా కనిపిస్తున్నాయి.
— కర్నూలు పాఠకుడు

జవాబు: యాపిల్ 2017లో ఐఓఎస్ 11తో ఆ ఫైలు రకాన్ని ఫోన్లలోకి తెచ్చింది. సఫారీ కొత్త వెర్షన్లు చూపిస్తాయి గాని క్రోమ్ చూపించదు. గ్యాలరీ ఉపకరణం చేత చిన్నవి, పెద్దవి అన్ని ప్రతులనూ జేపెగ్‌లోనే తీయించండి. ఇమేజ్‌మ్యాజిక్‌కు హెచ్‌ఈఐసీ చదివే లైబ్రరీ తోడుగా ఉంటే ఆ పని చేస్తుంది. ఇకమీదట తీయబోయేవాటికి ఐఫోను సెట్టింగుల్లో కెమెరా, అందులో ఫార్మాట్లు అన్నచోట మోస్ట్ కంపాటిబుల్ అన్నది ఎంచుకుంటే ఫోనే జేపెగ్‌లో తీస్తుంది.